కాలేజీ ల్యాబ్ డీజిల్ ఇంజన్‌కి కంప్యూటర్‌లో గీసిన కొత్త పిస్టన్ బౌల్: దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎం.టెక్ ప్రాజెక్టు. ల్యాబ్‌లో ఉన్నది కిర్లోస్కర్ టీవీ1 సింగిల్ సిలిండర్ ఇంజన్. దాని పిస్టన్‌లో అర్ధగోళం ఆకారంలో ఉన్న బౌల్‌కి (ఫ్యూయల్ కాలే, పిస్టన్ పైభాగంలోని గుంతకి) బదులు టొరాయిడల్ (మధ్యలో మొన లేచి ఉండే), రీ-ఎంట్రెంట్ (అంచు లోపలికి తిరిగిన) బౌల్స్‌ని సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, సీఎఫ్‌డీలో, అంటే గాలి, ఫ్యూయల్ కదలికల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతిలో, నడిపారు. రీ-ఎంట్రెంట్‌తో నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) 30 శాతం, మసి 40 శాతం తగ్గాయి, ఎఫిషియెన్సీ కూడా పెరిగింది. మీ గైడ్ గారు పిస్టన్ చేయించేయమంటున్నారు. ఈ ఫలితాన్ని నమ్మవచ్చా, కంపెనీల్లో ఈ పని ఎలా చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్తాను: పిస్టన్ ఇప్పుడే చేయించకండి. డీజిల్ ఇంజన్‌లో నాక్స్ తగ్గిస్తే మసి పెరుగుతుంది, మసి తగ్గిస్తే నాక్స్ పెరుగుతుంది. మామూలుగా జరిగేది అదే. రెండూ ఒకేసారి ఇంతగా తగ్గి, పైగా ఎఫిషియెన్సీ పెరిగిందంటే, కంబషన్ పనిలో ఇన్నేళ్లు గడిపిన నాకు మొదట వచ్చే అనుమానం బౌల్ మీద కాదు, మోడల్ మీద. అలాంటి బౌల్ అసలు ఉండదని కాదు. మీరు చేసిన పోలిక సరైనదేనా అన్నది ముందు తేలాలి.

మొదట కొలవాల్సింది వాల్యూమ్. టీవీ1 బోర్ (సిలిండర్ వ్యాసం) 87.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 110 మి.మీ., అంటే పిస్టన్ ఊడ్చే స్వెప్ట్ వాల్యూమ్ 661 సీసీ. కంప్రెషన్ రేషియో (గాలి ఎన్ని రెట్లు కుదించుకుపోతుందన్న లెక్క) 17.5 అయితే, పిస్టన్ టీడీసీలో, అంటే అన్నిటికంటే పై స్థానంలో, ఉన్నప్పుడు పైన మిగిలే మొత్తం ఖాళీ దాదాపు 40 సీసీ మాత్రమే. అందులో బౌల్, స్క్విష్ ఖాళీ (బౌల్ చుట్టూ పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు), వాల్వ్ గుంతలు, గ్యాస్కెట్ మందం, టాప్ రింగ్ పైన ఉండే సన్నటి సందు అన్నీ కలిసే ఉన్నాయి. మీ కొత్త బౌల్ పాతదానికంటే 1 సీసీ పెద్దదైతే రేషియో 17.5 నుంచి 17.1కి పడిపోతుంది. 2 సీసీ పెద్దదైతే 16.7. హెడ్ గ్యాస్కెట్ మందంలో 0.1 మి.మీ. తేడా ఉన్నా చాలు, రేషియో 17.3 దగ్గరికి వస్తుంది. రేషియో మారితే ఇగ్నిషన్ డిలే (ఫ్యూయల్ పడ్డాక అంటుకునేదాకా పట్టే సమయం), గరిష్ఠ ఉష్ణోగ్రత, ఎఫిషియెన్సీ అన్నీ మారతాయి. ఇక మీకు కనిపించిన తేడా బౌల్ ఆకారం వల్ల వచ్చిందో, రేషియో వల్ల వచ్చిందో విడదీయడానికి దారి ఉండదు.

అందుకే క్యాడ్‌లో బౌల్‌ని చేత్తో గీసినట్టు గీయకూడదు. సగం ప్రొఫైల్‌ని ఒకే స్కెచ్‌లో పెట్టి, గొంతు వ్యాసం, లోపలి గరిష్ఠ వ్యాసం, మధ్యలోని మొన ఎత్తు, అంచు రేడియస్, అడుగు రేడియస్ వీటన్నిటికీ పేర్లు ఇవ్వండి. లోతుని మాత్రం వదిలేయండి. బౌల్ వాల్యూమ్ ఎప్పుడూ ఒకే విలువ దగ్గర ఉండేలా లోతు దానంతటదే సర్దుకోవాలి. సాలిడ్‌వర్క్స్‌లో ఈక్వేషన్లతో గానీ డిజైన్ స్టడీతో గానీ ఇది చేయొచ్చు. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే ఎన్ని ఆకారాలు తయారుచేసినా అన్నీ ఒకే కంప్రెషన్ రేషియోతో పుడతాయి. నన్నడిగితే ఈ మొత్తం పనిలో క్యాడ్ చేసే అసలు మేలు ఇదే. రంగురంగుల రెండరింగ్ వైవాకి తప్ప ఎందుకూ పనికిరాదు.

అసలు ఇంజన్ వాల్యూమ్‌ని కూడా డ్రాయింగ్ చూసి నమ్మకండి. హెడ్ విప్పినప్పుడు బౌల్ మీద రంధ్రం ఉన్న పర్‌స్పెక్స్ పలక పెట్టి, బ్యూరెట్‌తో కిరోసిన్ నింపి కొలవండి. బంపింగ్ క్లియరెన్స్‌కి (టీడీసీలో పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య మిగిలే సందుకి) పాత మెకానిక్‌ల పద్ధతే మంచిది: పిస్టన్ మీద సీసం తీగ ముక్కలు పెట్టి, హెడ్ బిగించి, ఒకసారి తిప్పి, నలిగిన తీగ మందాన్ని మైక్రోమీటర్‌తో చూడటం. ఇంత చేశాక కూడా చివరి తీర్పు మోటరింగ్ ప్రెజర్‌దే. ఫ్యూయల్ లేకుండా ఇంజన్‌ని తిప్పితే వచ్చే సిలిండర్ ప్రెజర్ కర్వ్, మీ సీఎఫ్‌డీ కర్వ్ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అది కూర్చోకుండా స్ప్రే జోలికి వెళ్లడం దండగ.

ఇప్పుడు ఆకారం ఎందుకు ముఖ్యమో చూద్దాం. మీ ఇంజన్ ఫుల్ లోడ్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర 5.2 కిలోవాట్లు ఇస్తుంది. యూనిట్‌కి పావు కిలో చొప్పున గంటకు 1.3 కిలోల డీజిల్ తాగుతుందనుకుంటే, ఒక్కో సైకిల్‌కి పడేది 29 మిల్లీగ్రాములు. సిలిండర్‌లోకి వచ్చే గాలి రమారమి 0.65 గ్రాములు. లెక్క వేస్తే, కాలడానికి అవసరమైన దానికంటే గాలి ఒకటిన్నర రెట్లు ఉంది. మరి పొగ ఎక్కడి నుంచి వస్తోంది? గాలి లేక కాదు, ఆ గాలి ఫ్యూయల్ ఉన్నచోట లేక. 1500 ఆర్‌పీఎంలో ఒక క్రాంక్ డిగ్రీ అంటే 0.11 మిల్లీసెకన్. 40 డిగ్రీల కంబషన్ అంతా నాలుగున్నర మిల్లీసెకన్లలో అయిపోవాలి. ఆ లోపల ఫ్యూయల్ చుక్కలుగా విడిపోయి, ఆవిరై, గాలిని వెతుక్కుని కలవాలి.

స్ప్రే లోపల ఏం జరుగుతుందో స్పష్టమైన బొమ్మ 1997లో వచ్చింది. అమెరికాలోని శాండియా నేషనల్ ల్యాబ్‌లో జాన్ డెక్, కిటికీలు అమర్చిన ఇంజన్‌లోకి లేజర్ కాంతి పంపి తీసిన చిత్రాల ఆధారంగా దాన్ని ఇచ్చారు. ఫ్యూయల్ ముందు లోపలి రిచ్ భాగంలో, గాలి చాలని చోట, సగం సగం కాలుతుంది. మసి పుట్టేది అక్కడ. దాని చుట్టూ పొరలా ఉండే మంటలో గాలి సరిపడా ఉంటుంది, వేడి ఎక్కువ ఉంటుంది, అక్కడ నాక్స్ పుడుతుంది. అంకెల్లో చెప్పాలంటే, అవసరమైన దానికంటే ఫ్యూయల్ రెండింతలు దాటిన చోట 1600 నుంచి 2500 కెల్విన్ మధ్య మసి, గాలి చాలినంత ఉండి 2200 కెల్విన్ దాటిన చోట నాక్స్. మీ సీఎఫ్‌డీ ఫలితాన్ని సిలిండర్ అడ్డకోతల్లో రంగుల బొమ్మగా చూడటం కంటే, ఒక్కో సెల్‌ని (లెక్క కోసం సిలిండర్‌ని విడగొట్టిన చిన్న గడిని) ఫ్యూయల్-గాలి పాలు, ఉష్ణోగ్రత అన్న ఈ రెండు కొలతల గ్రాఫ్ మీద చుక్కగా పెట్టి చూడండి. టీడీసీ తర్వాత 5, 10, 20, 30 డిగ్రీల దగ్గర ఆ చుక్కల గుంపు ఎటు కదులుతోందో చూస్తే, బౌల్ చేసిన పని తెలుస్తుంది. మంచి బౌల్ మసి పుట్టకుండా ఆపడం తక్కువ. పుట్టిన మసిని ఆలస్యంగానైనా గాలి ఉన్నచోటికి తోసి కాల్చేయడమే దాని ప్రధానమైన పని.

ఇక్కడే చాలా ప్రాజెక్టులు పక్కదారి పడతాయి. బౌల్ ఒంటరిగా ఏమీ చేయదు. స్ప్రే ఎక్కడ తగులుతుంది, గాలి ఎంత వేగంగా తిరుగుతుంది, గోడ ఎలా వంగి ఉంది అన్న మూడూ కలిస్తేనే ఫలితం. ఉదాహరణకి స్ప్రే మొత్తం కోణం 150 డిగ్రీలు అనుకోండి. ఒక్కో జెట్ అడ్డంగా ఉండే గీతకి 15 డిగ్రీలు కిందికి దిగుతుంది. 26 మి.మీ. దూరంలో ఉన్న గోడను చేరేసరికి నాజిల్ మొన కంటే 7 మి.మీ. కింద ఉంటుంది. రీ-ఎంట్రెంట్ బౌల్ అంచు ఎత్తే కొన్ని మిల్లీమీటర్లు. ఇంజెక్టర్ కింద వేసే రాగి వాషర్ అర మిల్లీమీటర్ మందంది పడినా, కార్బన్ పట్టిన పాత వాషర్ మీద ఇంకోటి వేసినా జెట్ తగిలే చోటు మారిపోతుంది. వాషర్ మార్చాక బండి పొగ వదులుతోందని మెకానిక్‌లు అనేది ఊరికే కాదు.

పిస్టన్ కూడా ఆగి ఉండదు కదా. మీ ఇంజన్‌కి కనెక్టింగ్ రాడ్ పొడవు 234 మి.మీ. తీసుకుని లెక్క వేస్తే, టీడీసీకి 10 డిగ్రీల దూరంలో పిస్టన్ 1 మి.మీ. దిగి ఉంటుంది, 20 డిగ్రీల దూరంలో 4 మి.మీ. దిగి ఉంటుంది. అంటే ఇంజెక్షన్ టైమింగ్ మారితే జెట్ బౌల్‌లో తగిలే చోటూ మారుతుంది. ఒక టైమింగ్‌లో అద్భుతంగా కనిపించిన బౌల్ ఇంకో టైమింగ్‌లో ఫ్యూయల్‌ని స్క్విష్ సందులోకి, అక్కడినుంచి లైనర్ (సిలిండర్ గోడ) మీదికి పంపొచ్చు.

టైమింగ్ మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. మీరు సీఎఫ్‌డీలో ఇంజెక్షన్ మొదలు టీడీసీకి 23 డిగ్రీల ముందు అని ఇచ్చారు. అది పంపు స్టాటిక్ టైమింగ్. పంపులోని ప్లంజర్ ఫ్యూయల్ వచ్చే దారిని మూసిన క్షణం నుంచి హై ప్రెజర్ పైపులో ఒత్తిడి అల నాజిల్‌ని చేరి, నీడిల్ లేచేదాకా కొన్ని డిగ్రీలు గడిచిపోతాయి. సిలిండర్‌లో నిజంగా ఫ్యూయల్ పడేది ఆ తర్వాతే. అలాగే 200 బార్ అన్నది నాజిల్ తెరుచుకునే ఒత్తిడి మాత్రమే. తెరుచుకున్నాక లైన్‌లో ఒత్తిడి అంతకంటే చాలా పైకి పోతుంది, ఇంజెక్షన్ పొడవునా ఒకేలా ఉండదు. ఇంజెక్షన్ మొదలు, రేట్ ప్రొఫైల్ (ఏ క్షణంలో ఎంత ఫ్యూయల్ పడుతుందన్నది) ఈ రెండూ ఊహించి పెట్టినవైతే, నాక్స్‌లో మీకు వచ్చిన 30 శాతం తేడా వాటిలోంచే రావచ్చు. లైన్ ప్రెజర్ సెన్సర్, వీలైతే నీడిల్ లిఫ్ట్ సెన్సర్ పెట్టి కొలవండి. చాలా ల్యాబ్‌ల్లో పైపు మీద మొదటిది ఇప్పటికే ఉంటుంది, వాడేవాళ్లే తక్కువ.

స్వర్ల్ రేషియో (ఇంజన్ వేగంతో పోలిస్తే సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు వేగంగా సుడి తిరుగుతుందన్నది) కూడా అంతే. మీరు 1.5 అని పెట్టారు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. ఇన్‌టేక్ పోర్ట్ జామెట్రీ దొరికితే దాన్ని సిలికాన్ అచ్చు తీసి స్కాన్ చేయించి, వాల్వ్ తెరిచినప్పటి నుంచి లెక్క నడపండి. అది కుదరకపోతే కనీసం మూడు స్వర్ల్ విలువలతో ప్రతి బౌల్‌నీ నడిపి, వరుస మారుతుందో లేదో చూడండి. మీ నాజిల్‌కి మూడు రంధ్రాలు కాబట్టి 120 డిగ్రీల సెక్టార్ (సిలిండర్‌లో మూడో వంతు ముక్క) మాత్రమే నడిపారు. రెండు వాల్వుల హెడ్‌లో ఇంజెక్టర్ వాలుగానో, బౌల్ పక్కకి జరిగో ఉంటే ఆ సెక్టార్ చెల్లదు. హెడ్ విప్పినప్పుడు అది కూడా కొలిచి చూసుకోండి. తేడా ఉంటే 360 డిగ్రీలూ నడపక తప్పదు, టైమ్ ఎక్కువ పట్టినా.

స్ప్రే మోడల్ గురించి కొంచెం. చుక్కల్ని విడివిడి పార్సెల్స్‌గా చూసే పద్ధతిలో మెష్ సైజ్ చాలా ఆటలాడిస్తుంది. సెల్ పెద్దదైతే జెట్ వేగం ఆ సెల్ అంతా పరుచుకుని, స్ప్రే ఉన్నదానికంటే తక్కువ దూరం వెళ్లినట్టు చూపిస్తుంది. స్ప్రే దారిలో అర మి.మీ. సెల్స్‌తో ఒకసారి, పావు మి.మీ.తో ఒకసారి నడిపి చూడండి. తేడా చిన్నదైతే ముందుకి పోవచ్చు. స్ప్రే సెటప్ సరిగా ఉందో చూసుకోవడానికి ఇంజన్ కంబషన్ నెట్‌వర్క్ అనే పరిశోధకుల బృందం వాళ్ల స్ప్రే-ఏ అనే ప్రామాణిక ప్రయోగం కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి: ఎన్-డోడెకేన్, 1500 బార్, 90 మైక్రాన్ల రంధ్రం, 900 కెల్విన్ గాలి. మీ 0.3 మి.మీ. రంధ్రాల పాత నాజిల్‌కి అది నేరుగా వర్తించదు. కానీ తెలిసిన కేసులోనే మీ సెటప్ తప్పితే, తెలియని కేసులో ఏం నమ్ముతాం?

ఫ్యూయల్‌గా ఎన్-హెప్టేన్ ఒక్కదాన్నే పెట్టారని అర్థమైంది. మండే రసాయన చర్య వరకు అది డీజిల్‌కి దగ్గరగానే ఉంటుంది. కానీ అది 98 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది, డీజిల్‌లో చాలా భాగం 200 పైన, చివరి భాగం 350 దాకా ఉంటుంది. హెప్టేన్ గాల్లోనే ఆవిరైపోతే, గోడ తడవాల్సినంత తడవదు. తక్కువ ఒత్తిడి, పెద్ద రంధ్రాలు ఉన్న మీ ఇంజన్‌లో గోడ మీద పడే ఫ్యూయలే అసలు కథ. ఆవిరయ్యే గుణాలకి టెట్రాడెకేన్ లాంటి బరువైనదాన్ని, రసాయనానికి హెప్టేన్‌ని పెట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది, అది వాడండి. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే సమయానికి గోడ మీద ఫిల్మ్‌గా ఎంత మిగిలిందో రిపోర్ట్‌లో తప్పక చూడండి. కాలకుండా మిగిలిన ఫ్యూయల్ మసి కూడా చేయదు కాబట్టి, మసి తగ్గిందని సంతోషపడే ప్రమాదం ఉంది.

ఇక పోలిక చేసే తీరు. ఒక్కో బౌల్‌కి ఒక్క రన్, దాన్నుంచి ఒక్క నాక్స్ విలువ, ఒక్క మసి విలువ తీసుకుని బార్ గ్రాఫ్ గీస్తే ఏమీ తేలదు. బౌల్ మారగానే కంబషన్ ముందుకో వెనక్కో జరుగుతుంది. వెనక్కి జరిగితే నాక్స్ దానంతటదే తగ్గుతుంది, దానికి కొత్త పిస్టన్ అక్కర్లేదు, పంపు కింద షిమ్ మారిస్తే చాలు. కాబట్టి ప్రతి బౌల్‌కీ ఇంజెక్షన్ టైమింగ్‌ని నాలుగైదు చోట్ల మార్చి, ఒకే ఫ్యూయల్ పరిమాణంతో నడిపి, నాక్స్ అడ్డంగా, మసి నిలువుగా పెట్టి గీత గీయండి. పక్కనే ఇంకో గ్రాఫ్‌లో నాక్స్‌కి ఎదురుగా ఐఎంఈపీ (సైకిల్‌లో పిస్టన్ మీద పనిచేసిన సగటు ఒత్తిడి, అంటే వచ్చిన పనికి కొలత). కొత్త బౌల్ గీత మొత్తం పాతదానికంటే సున్నా మూల వైపు జరిగితే ఆకారం నిజంగా పని చేసినట్టు. పాత గీత మీదే ఇంకో చోటికి జారితే మీరు చేసింది టైమింగ్ మార్పు, అంతే. మీ 30, 40 శాతం ఈ పరీక్షలో ఎంత నిలుస్తాయో నాకు కుతూహలంగానే ఉంది.

అంకెల విషయంలో నా నమ్మకం ఇలా ఉంటుంది: సిలిండర్ ప్రెజర్, హీట్ రిలీజ్ బాగా సరిపోవాలి, సరిపోతాయి కూడా. నాక్స్ ఒకచోట సరిచూసుకున్నాక, ధోరణి నమ్మదగ్గదే. మసి మాత్రం ఏ బౌల్ మెరుగు అని వరుస చెప్పడానికి పనికొస్తుంది గానీ, ‘ఇంత శాతం తగ్గింది’ అని థీసిస్‌లో రాయడానికి పనికిరాదు.

కంపెనీల్లో ఎలా చేస్తారు అంటే, సూత్రం ఇదే, హంగు ఎక్కువ. అమెరికాలో లాస్ అలామోస్ ల్యాబ్ 1985లో బయటికి ఇచ్చిన కివా అనే ఇంజన్ సీఎఫ్‌డీ కోడ్‌తో ఈ దారి మొదలైందనుకోవచ్చు. 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో సెనెకల్, రైట్జ్ దానికి జెనెటిక్ ఆల్గరిథమ్ (మంచి డిజైన్లను కలుపుతూ తరతరాలుగా మెరుగైనదాన్ని వెతికే పద్ధతి) జోడించి, నాక్స్, మసి, ఫ్యూయల్ ఖర్చు మూడింటినీ కలిపి వెతికే పద్ధతి చూపించారు. ఆ సెనెకలే తర్వాత కన్వర్జ్ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. కమిన్స్ 2007లో తెచ్చిన ఐఎస్‌బీ ఇంజన్‌ని దాదాపు పూర్తిగా కంప్యూటర్ విశ్లేషణతోనే డిజైన్ చేసి, టెస్టింగ్‌ని చివర్లో నిర్ధారణకే వాడారని, డెవలప్‌మెంట్ టైమ్, ఖర్చు 10 నుంచి 15 శాతం తగ్గాయని చెప్తారు. ఆ మాట నిజమే గానీ, దాని వెనక అప్పటికే దశాబ్దాల ప్రయోగాల డేటా ఉంది. ఆ డేటా లేని వాళ్లు ఆ ఉదాహరణ చూపించి టెస్టింగ్ మానేయకూడదు.

ఆకారాల్లో రెండు చూడండి, మీకు ఆలోచన వస్తుంది. మెర్సిడెస్ 2016లో తెచ్చిన ఓఎం 654లో బౌల్ అంచు దగ్గర మెట్టు ఉంటుంది. వాళ్లు చెప్పే లాభాలు: కంబషన్ వేగంగా పూర్తవడం, పిస్టన్‌లో సున్నితమైన చోట్ల వేడి భారం తగ్గడం, ఆయిల్‌లోకి మసి తక్కువగా చేరడం. అందులో పిస్టన్ స్టీలు. వోల్వో ట్రక్కుల ఇంజన్లలో బౌల్ గోడ మీద అలల్లా ఉబ్బెత్తులు ఉంటాయి. పక్కపక్క జెట్ల మంటలు గోడ దగ్గర ఢీకొని ఆగిపోకుండా, ఇంకా వాడని గాలి ఉన్న మధ్య భాగానికి అవి తిప్పి పంపుతాయి. రెండింటిలోనూ ఆకారం ఇంజెక్టర్‌తో కలిపి పుట్టింది. మీ మూడు రంధ్రాల నాజిల్‌కి ఆ అలలు కాపీ కొడితే ఉపయోగం ఉండదు.

పిస్టన్ చేయించే రోజు వచ్చినప్పుడు రెండు జాగ్రత్తలు. రీ-ఎంట్రెంట్ అంచు పదునుగా ఉంటే అల్యూమినియం పిస్టన్‌లో అక్కడే వేడి పేరుకుని పగులు మొదలవుతుంది. అంచు రేడియస్ తగ్గించే ముందు థర్మల్ విశ్లేషణ చేయండి, టాప్ రింగ్ గాడికీ బౌల్ గోడకీ మధ్య ఎంత లోహం మిగిలిందో చూడండి. రెండోది, లోపలికి తిరిగిన అంచు కింద కోయడానికి మామూలు బోరింగ్ బార్ చాలదు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో బాలానగర్‌లో గానీ సీఎన్‌సీ షాపుకి డ్రాయింగ్ పంపే ముందు ఆ టూల్ వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి. బౌల్ కోయని బ్లాంక్ పిస్టన్ దొరికితేనే చేయించండి, పాత బౌల్‌ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ కోయించకండి. వచ్చిన పిస్టన్‌లో మళ్లీ కిరోసిన్ పోసి వాల్యూమ్ కొలవండి.

సాఫ్ట్‌వేర్ ప్రశ్నకి: క్యాడ్ ఏదైనా ఒకటి బాగా వస్తే చాలు, కంపెనీలో క్యాటియానో ఎన్ఎక్సో ఉంటే నేర్చుకోవడం పెద్ద టెన్షన్ కాదు. సీఎఫ్‌డీలో కన్వర్జ్, ఏవీఎల్ ఫైర్ ఎక్కువ కనిపిస్తాయి. కన్వర్జ్‌లో మెష్ దానంతటదే తయారవుతుంది కాబట్టి కాలేజీకి అకడమిక్ లైసెన్స్ దొరుకుతుందేమో అడగండి. ఓపెన్‌ఫోమ్ ఉచితం, కానీ కదిలే పిస్టన్, వాల్వులతో కుస్తీ పట్టాలి. డీజిల్ కార్లు తగ్గుతున్నాయి కదా, ఈ పనికి భవిష్యత్తు ఉందా అని భయపడకండి. ట్రక్కులకి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6, 50 హెచ్‌పీ పైన ట్రాక్టర్లకి 2023 జనవరిలో ట్రెమ్-4, జనరేటర్లకి అదే ఏడాది జూలైలో సీపీసీబీ-4 ప్లస్ అనే కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వీటన్నిటికీ బౌల్, నాజిల్ మళ్లీ గీయాల్సిందే. హైడ్రోజన్ ఇంజన్ల పని చేసేవాళ్లు కూడా ఇవే టూల్స్ వాడుతున్నారు. పుణె, చెన్నై వైపు ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని అడిగేది ఏ బటన్ ఎక్కడుందని కాదు, మోటరింగ్ ప్రెజర్ కలవకపోతే మొదట ఏం చూస్తారని. కంప్రెషన్ రేషియో, బ్లోబై (రింగుల పక్క నుంచి కారిపోయే గ్యాస్), గోడ ఉష్ణోగ్రతలు, ఎన్‌కోడర్ టీడీసీ ఆఫ్‌సెట్ (క్రాంక్ కోణం కొలిచే సెన్సర్ చూపే టీడీసీకీ అసలు టీడీసీకీ తేడా) అన్నవి ఆ క్రమంలో చెప్పగలిగితే మిగతావి వాళ్లే నేర్పిస్తారు.